రాయదుర్గము నుండి పులికాటు వఱకు



మేము కాపురముండు రాయదుర్గమునకు సముద్రము మిక్కిలి దూరము. ఇచ్చట కన్నెత్తి చూచినంత మేర అద్దముల మేడలు, ఆ మేడలలో రేయింబవళ్ళు ఆరని దీపములు, తలమీదుగా పోవు మెట్రోరైలు, ఆవల దుర్గము చెఱువు, ఆ చెఱువుపై 2020లో తెఱచిన తీగల వంతెన. ఒకప్పుడు గోలకొండ కోటకు ఈ చెఱువు నీరే పోయెడిదట. కొండరాళ్ళ నడుమ దాగియుండుటచే దీనికి రహస్యసరస్సను పేరు కూడ కలిగినది. ఇప్పుడు దానికి రహస్యమేమియు మిగులలేదు.

మా యింటికి కొంత దూరమున కంచ గచ్చిబౌలి యను చెట్ల ప్రదేశమున్నది. 2025వ సంవత్సరము మార్చి నెలాఖరున అచ్చటి చెట్లను యంత్రములతో కూల్చుచుండగా నెమళ్ళు అఱచిన అఱపులను మేము ఫోనులలో వింటిమి. ఏప్రిల్ 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ పని నాపించినది. ఆ కేకలు వినిన రాత్రి మా అమ్మాయి అన్నము ముట్టలేదు. ఆమెకు పశుపక్ష్యాదులయందు ఇంత మక్కువ కలదని మాకు అంతవఱకు తెలియదు.

అమ్మాయి ఇప్పుడు పదవ తరగతి చదువుచున్నది. పరీక్షలు ముగిసిన పిదప ఆమెను దూరపు ఊరిలోని హాస్టలు కళాశాలలో చేర్పవలెనని మావారి సంకల్పము. వారు బడిపంతులు, ఎవరి బిడ్డకు ఏ చదువు తగునో వారికి తెలియును. మేమన్ననో బడిమెట్టు ఎక్కినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే అమరము, భారత భాగవతములు, నైషధము చెప్పిరి. ఆడపిల్ల చదువు తల్లి కంటి యెదుట సాగవలెనని మా పట్టు. దరఖాస్తు కాగితముపై తల్లి సంతకము కూడ కావలెనట. ఆ కాగితము దేవుని గూటిలో పసుపు డబ్బా క్రింద పదిదినములుగా పడియున్నది. మావారు అడుగలేదు, మేము తీయలేదు.

ఇట్లుండగా మా మఱిది సంక్రాంతి సెలవులలో తన కారు తెచ్చి, “వదినా, రాజహంసలు రాజహంసలని పుస్తకాలలో చదువుతుంటారు గదా, ఈసారి కళ్ళారా చూద్దురుగాని రండి. పులికాటు పోదాం” అనెను. అతడు రాయదుర్గములోనే కంప్యూటరు ఉద్యోగి. వారమునకు ఆఱు దినములు తెరను చూచి చూచి అతని కన్నులు కూడ నీటిని కోరియుండును.

మేము ముందటి రాత్రియే పులిహోర కలిపి, దద్దోజనము గిన్నెలో సర్ది, అరిసెలును చేగోడీలును డబ్బాలకెత్తితిమి. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు బయలుదేఱితిమి. అయినను పండుగకు ఊళ్ళకు పోవు జనముతో సుంకపు ద్వారముకడ కార్లు తిరునాళ్ళలో బండ్లవలె నిలిచిపోయినవి. చిన్నవాడు ఆ సందడిలోనే నాలుగు అరిసెలు ముగించెను. నార్కట్‌పల్లికడ విజయవాడ దారి విడిచి అద్దంకి దారి పట్టిన పిమ్మట గాని మాకు ఊపిరి రాలేదు.

తెల్లవాఱునప్పటికి విద్యుత్తు తీగపై పాలపిట్ట కనబడినది. దసరానాడు దీనిని చూచుటకు ఊరి వెలుపలికి పోవుదుము. నేడు అదియే మాకు ఎదురువచ్చినది. కూర్చున్నంతసేపు మట్టిరంగు పిట్ట. ఎగిరినప్పుడు గదా రెక్కల నీలము! వాడపల్లి వంతెనకడ మావారు కారు నాపించి, “మన మూసీ ఇక్కడే కృష్ణలో కలుస్తుంది” అని చూపిరి. మా నగరపు మురుగునంతయు మోసికొనివచ్చిన యా నది కృష్ణమ్మ యొడిలో చేరుచుండగా చూచి మాకు సిగ్గు కలిగినది.

అద్దంకి చేరునప్పటికి ఎండ ముదిరినది. పండరంగని శాసనము వెలసిన ఊరిది. 848వ సంవత్సరపు శాసనమందురు. అందు తరువోజ పద్యమున్నది. ఎఱ్ఱాప్రెగ్గడ ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున నుండినదియు ఇచ్చటనే. ఆ సాయంకాలము మేము బసచేసిన నెల్లూరు తిక్కన సోమయాజి యూరు. కవిత్రయములో ఇద్దఱు ఈ త్రోవలోనే యున్నారని మేము సంబరముతో చెప్పితిమి. అమ్మాయి తల యూపినది గాని, ఆమె దృష్టి దారిప్రక్క వరిమళ్ళలోని కొంగలపైననే యున్నది. “అమ్మా, అది నత్తగుల్లకొంగ. దాని ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది చూడు. నత్తలను పట్టడానికి” అనెను. నిజమే; అడకత్తెరవంటి ముక్కు. ఇన్నాళ్ళు మాకు కొంగలన్నియు ఒక్కటే కొంగ.

ఇంకొక మాట, మగవారు వ్రాయు యాత్రాకథలలో కానరానిది. ఈ దూరపు దారులలో స్త్రీల యక్కఱలకు శుభ్రమైన తావు దొరకుట కష్టము. పెట్రోలు బంకులలో కొన్నింట నుండును, కొన్నింట తాళము వేసియుండును. మేము నీరు త్రాగుట తగ్గించుకొని తలనొప్పి తెచ్చుకొంటిమి. మీరట్లు చేయవలదు. మొగమాటపడక తాళపుచెవి అడుగుడు.

మఱునాడు సూర్యోదయమునకు ముందే నెల్లూరికి తూర్పున నున్న మైపాడు తీరమునకు పోయితిమి. దారి పొడవున కొబ్బరితోపులు, రొయ్యల చెఱువులు. చీకటి విచ్చుచుండగా సముద్రఘోష వినబడినది. పురాణములలో సాగరవర్ణనము లెన్ని చదివినను, ఆ మొదటి యల పాదములను తాకి క్రింది ఇసుకను లాగికొనిపోవునప్పుడు కలుగు తత్తరపాటు ఏ గ్రంథమునను మాకు కనబడలేదు.

అచ్చట తీరమున నల్లని బండవలె ఏదియో పడియున్నది. చిన్నవాడు పరుగెత్తి తాకబోయి వెనుకకు వచ్చెను. అది తాబేలు. చచ్చిపడినది. రెండడుగులకు పైగా పొడవున్నది. డిప్ప ఆకుపచ్చను మించిన బూడిదరంగు. కన్నులు కాకులు తినివేసినవి. దీనిని ఆలివ్ రిడ్లీ తాబేలందురు. చలికాలమున మన తూర్పుతీరమునకు గ్రుడ్లు పెట్ట వచ్చును. వలలు విప్పుకొనుచున్న జాలరి వనిత యొకతె దగ్గఱకు వచ్చి, గుప్పెడు ఇసుక దానిపై చల్లి, చేతులు జోడించి పోయినది. ఆమె ఒక్కమాటయు పలుకలేదు.

మా అమ్మాయి ఇసుకలో కూర్చుండి చెప్పసాగినది. తాబేలు నీటనుండియు మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చునట. మాటిమాటికి పైకి తేలవలెను. మరపడవలు నీటి యడుగున ఈడ్చు పెద్దవలలో చిక్కెనేని పైకి రాలేక ఊపిరాడక చచ్చును. తాబేలు తప్పించుకొనుటకు వలలో ఒక కమ్మీల ద్వారము అమర్పవచ్చునట. కాని అందఱును అమర్చుట లేదు. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మన తీరమున మరపడవల వేట నిషిద్ధమే. అయితే ఈ తల్లులు వచ్చుట అంతకు ముందే గదా! తల్లి రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో గుంట త్రవ్వి, నూఱు గ్రుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి, తెల్లవాఱక ముందే సముద్రములో కలిసిపోవును. మరల ఆ వంక చూడదు. నెలన్నఱ రెండు నెలలకు పిల్లలు తమంతట తామే వెలువడి నీటివైపు పోవును.

మేము చిన్ననాట నేర్చిన మాట యొకటి అప్పుడు నోట వచ్చినది. పక్షి తాకి పిల్లలను పెంచును. చేప చూచి పెంచును. తాబేలు తలచి పెంచునని పెద్దలందురు. ఎచ్చటనో నీటిలోనున్న తల్లి తలపే ఇసుకలోని గ్రుడ్డును పొదుగునట. అమ్మాయి నవ్వలేదు. కొంచెము ఆలోచించి, “ఇసుక వేడి పొదుగుతుందమ్మా. వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి. కాని ఆ పిల్లలు పెద్దయినాక గ్రుడ్లు పెట్టడానికి తాము పుట్టిన తీరానికే వెతుక్కుంటూ వస్తాయి. అదెట్లా గుర్తుంటుందో మఱి!” అనెను. ఆ చచ్చిన తాబేలు కూడ తన పుట్టినింటికే వచ్చినదేమో యని మాకు తోచి గొంతు పట్టుకొన్నది. మావారు దూరమున నిలిచి మమ్ము పిలువలేదు. వారికి తెలియును.

నెల్లూరికి వచ్చి మరల దక్షిణముగా గూడూరు, నాయుడుపేట దాటి, దొరవారిసత్రము సమీపమున నేలపట్టు చేరితిమి. 1976లో దీనిని పక్షులకు అభయస్థలముగా నిర్ణయించిరి. విస్తీర్ణము సుమారు 459 హెక్టారులు. చెఱువునీటిలో మొలలోతు మునిగి చెట్లు నిలిచియున్నవి; ఇచ్చటివారు వీనిని కడపచెట్లందురు. చెట్టుచెట్టునకు గూళ్ళు, గూటగూట గూడబాతులు. మెడక్రింద సంచి వ్రేలాడు ఆ బూడిదతెలుపు పక్షిని దూరమునుండి చూచిన పుల్లల మోపుపై దిండు పెట్టినట్లుండును. తెల్లకంకణములు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు కూడ నున్నవి గాని, ఊరు గూడబాతులదే. ఆ రొద వినవలెను! పెండ్లిపందిటిలో నూఱుమంది బాలెంతలు ఒక్కసారి పిల్లలను జోకొట్టుచున్నట్లు.

దుర్భిణిలో ఒక గూటిని చాలసేపు చూచితిమి. తల్లి పులికాటునుండి చేపలను గొంతులో నింపుకొని వచ్చి వాలినది. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోనికి మెడవఱకు దూర్చి తినుచున్నది. మ్రింగివేయుచున్నదా యని చిన్నవాడు భయపడెను. మరల తల బయటికి తీసి, రెక్కలు తపతప కొట్టి, ఇంకను కావలెనని తల్లి ముక్కును పొడుచుచున్నది. తల్లి కదలలేదు. ఎండకు పిల్లలపై రెక్క పట్టి నిలిచినది.

గట్టుమీద పుల్లలేఱుకొనుచున్న ముసలమ్మ మా ప్రక్కన కూర్చుండెను. “ఏ ఊరు తల్లీ?” అని అడిగి, హైదరాబాదనగా “అంత దూరం నుంచి మా ఆడబిడ్డలను చూడటానికి వచ్చారా!” యనెను. ఆడబిడ్డలెవరని మేమడిగితిమి. “ఇవే గదమ్మా. పురిటికి పుట్టింటికొచ్చినాయి. వానలు పడి చెరువు నిండితే వస్తాయి. పిల్లలకు రెక్కలొచ్చినాక తీసుకొని పోతాయి. ఇవి రాని ఏడు మాకూ పంట ఉండదు. వీటి రెట్ట కలిసిన నీళ్ళు పారితే మడికి వేరే ఎరువెందుకు?” అనెను. పురుడు పోసినందుకు అల్లుడేమి పెట్టెనని మా మఱిది హాస్యమాడగా, “పెట్టాడుగా, ఎరువు!” అని బోసినోట నవ్వినది.

మరల మా అమ్మాయివైపు చూచి, “పెద్దపిల్ల అయింది. ఏం చదువుతుంది?” అనెను. మేము చెప్పబోవునంతలో అమ్మాయియే, “ఇట్లాంటి పక్షులను గుఱించి చదవాలని ఉంది అవ్వా” అనెను. ఈ మాట మాతో నెన్నడును అనలేదు. మావారితోనైన ననలేదని వారి ముఖము చూడగనే తెలిసినది. వారు ఇంజనీరింగు చదువు తలపెట్టియుండిరి. మేము హాస్టలు వలదని, వారు కావలెనని పట్టుపట్టితిమి గాని, పిల్లకు ఏమి కావలెనో మా యిద్దఱిలో నొక్కరును అడిగినవారము కాము. మావారు కండ్లజోడు తీసి తుడుచుకొని, “దానికి జీవశాస్త్రం తీసుకోవాలి” అని మాత్రమనిరి.

ఆ రాత్రి సూళ్ళూరుపేటలో విశ్రమించి వేకువనే శ్రీహరికోట దారి పట్టితిమి. సోదరీమణులారా, ఇట్టి దారిని మేమిదివఱకు చూడలేదు. సుమారు 18 కిలోమీటరుల పొడవున సరస్సు నడుమ నుండి సాగిన బాట; రెండువైపుల నీరే. ఉప్పునీటి సరస్సులలో మన దేశమున చిలుక తరువాత పులికాటే పెద్దది. లోతు మోకాలి బంటి. ఆ నీటి యంచున తెల్లని గీతవలె ఏదియో కనబడినది. సూర్యుడు పొడిచినంతనే ఆ గీత గులాబివన్నెకు మాఱినది. దుర్భిణి పెట్టి చూడగా, అది గీత కాదు, రాజహంసల బారు!

ఇవి నిజముగా కవుల రాజహంసలేనా యను చర్చ కారులో నిన్నటినుండి నడుచుచున్నది. తెల్లని మేను, ఎఱ్ఱని ముక్కు, ఎఱ్ఱని కాళ్ళు రాజహంసకు లక్షణమని అమరమున నున్నది. ఇవి అట్లే యున్నవని మేము. హంస బాతువంటిది గాని ఇంత పొడుగు కాళ్ళది కాదని, ఇంగ్లీషువారు దీనిని ఫ్లెమింగో యందురని, ఈ ప్రాంతమువారు మాత్రము రాజహంస యని పిలుతురని మఱిది. అంతలో నొక పక్షి తల క్రిందుచేసి, ముక్కును నీట తలక్రిందులుగా ముంచి నడువసాగెను. ఆ వంకరముక్కులో జల్లెడవంటి అమరిక కలదట, నాలుకతో నీటిని లోనికి తీసి బయటికి నెట్టి, నాచును చిన్న పురుగులను మాత్రము నిలుపుకొనునని అమ్మాయి చెప్పగా, మావారు, “నీరక్షీరవివేకమంటే ఇదేనేమో!” అనిరి. ఈ ఒక్కమాటతో మేము గెలిచినట్లు భావించితిమి.

“వీటి రంగు కూడా తిండినుంచి వచ్చిందే. పిల్లలప్పుడు బూడిదరంగే” అని అమ్మాయి. ఇచ్చటనే పొదుగునా యని మేమడిగితిమి. కాదట, మన దేశమున వీని గూళ్ళు ముఖ్యముగా కచ్ఛదేశపు ఉప్పునేలలలో నున్నవట. “అయితే ఇది వీటికి పుట్టిల్లూ కాదు, అత్తిల్లూ కాదు. మఱేమిటే?” అని మేము.

“హాస్టలమ్మా” అనెను.

కారులో నెవరికిని నవ్వాగలేదు. మాకును.

నైషధములో నలునికి చిక్కిన హంస తన ముసలితల్లిని, క్రొత్తగా ప్రసవించిన భార్యను తలచుకొని వాపోవును. నలుడు విడిచిపెట్టును. ఆ ఘట్టము చెప్పునప్పుడు మా తండ్రిగారి కంఠము వణకెడిది. హంసను విడిచినందుననే గదా తరువాతి కథయంతయు నడచినది!

దారిలో అటకానితిప్పకడ దిగితిమి. తూము దగ్గఱ వల వేయుచున్న పల్లెవాని నడుగగా అతడు చెప్పిన మాట మా సంతోషమును కొంత తగ్గించినది. మేము నిలిచిన యీ బాటయే సరస్సును రెండుగా కోసినదట. తూములు కొలదిగనే యుండుటచే ఈవలి నీరు ఆవలికి స్వేచ్ఛగా పాఱదు. సముద్రమునుండి నీరు వచ్చు ముఖద్వారములు ఇసుకతో పూడి, వేసవి వచ్చునప్పటికి ఉత్తరభాగము ఎండి బీటలు వాఱును. చేప తగ్గును, చేప తగ్గిన పల్లెకారులు వలసపోదురు. పూడుచున్న ముఖద్వారములలో నొకటి రాయదొరువు. రాయదుర్గమునుండి వచ్చి రాయదొరువు కష్టము వింటిమి! అయినను ఈ బాట లేకున్న మేము హంసలను ఇంత చేరువ చూచెడివారమా? శ్రీహరికోటలో 1971లో మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. 2023 జూలై 14న చంద్రయానము అచ్చటినుండియే పోయినది. ఆ దీవికి బాట అక్కఱయే. తూములైనను మఱికొన్ని పెట్టరాదా యని పల్లెవాడడిగిన ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయినది.

లోపలికి అనుమతి లేనివారిని పోనీయరు. తిరిగివచ్చుచుండగా బాటకు అడ్డముగా నక్క యొకటి పరుగెత్తినది. “నక్కతోక తొక్కాం!” అని చిన్నవాడు ఇల్లు చేరువఱకు అదే పాట.

చూడబోవు సోదరీమణులకు రెండు మాటలు. నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు మేలు. పక్షుల పేర సూళ్ళూరుపేటలో 2001 నుండి పండుగ చేయుచున్నారు. నడుమ కొన్నేండ్లాగి 2025 జనవరిలో మరల జరిగినది. జనసమ్మర్దము నచ్చనివారు ఆ దినములు తప్పించి పోవుట మంచిది. కండ్లు చెదరు రంగుచీరలు కట్టరాదు, కేకలు వేయరాదు. దుర్భిణి తప్పక కొనిపోవలెను. మనిషికొకటి లేకున్న మావలె కొట్లాడుకొందురు.

రాయదుర్గము చేరునప్పటికి రాత్రి పదకొండు గంటలైనది. తీగల వంతెన రంగుదీపములు దుర్గము చెఱువు నీటిలో వణకుచున్నవి. గులాబిరంగు వచ్చినప్పుడు చిన్నవాడు “రాజహంసలు!” అని కేకవేసి మరల నిద్రపోయెను. అమ్మాయి మా భుజముపై తలవాల్చి నిద్రించుచుండుటచే, ఇల్లు వచ్చినను కొంతసేపు మేము కదలలేదు.

మఱునాడు స్నానము చేసి, దేవుని గూటిలోని పసుపు డబ్బా నెత్తి కాగితము తీసితిమి. చదువు పేరున్నచోట మావారు ముందు వ్రాసినది కొట్టివేసి జీవశాస్త్రమని వ్రాసియే యుంచిరి. మేము క్రింద సంతకము చేసితిమి. వ్రేలి పసుపు కాగితముపై నంటినది. మావారు తుడువబోగా, ఉండనిండని చెప్పితిమి.